మునగచెట్టు ముందే చెప్పింది: ఒక ఫామ్‌హౌస్ స్విమ్మింగ్ పూల్ లీకేజీ కేసు

ఈ కేసులో నేను దాదాపు వారం రోజులు తప్పుదారిలో తిరిగాను. అందుకే రాస్తున్నాను. మొదటి రోజే దొరికిపోయిన లీకుల గురించి రాయడానికి పెద్దగా ఏమీ ఉండదు. ఇల్లు ఎవరిదో తెలిసే వివరాలు తీసేశాను. కొలతలు మాత్రం నా నోట్‌బుక్‌లో ఉన్నవే.

స్థలం

హైదరాబాద్‌కి పడమర, మొయినాబాద్ దాటాక ఒక ఫామ్‌హౌస్. పూల్ 10 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు. లోతు ఒక చివర మూడున్నర అడుగులు, రెండో చివర ఐదున్నర. కాంక్రీటు తొట్టి, లోపల చిన్న మొజాయిక్ టైల్స్. కట్టి ఏడేళ్ళయింది. పై నీటిని పంపుకి లాగే స్కిమ్మర్ ఒకటి, లోతు వైపు నేలలోంచి నీటిని పంపుకి లాగే మెయిన్ డ్రెయిన్ ఒకటి, నీళ్ళు తిరిగి లోపలికి వచ్చే ఇన్‌లెట్లు మూడు, నీటి లోపల లైట్లు రెండు. చుట్టూ తాండూరు బండలు పరిచిన డెక్. దాని కింద ఐదారు అడుగుల నల్లరేగడి, ఆ కింద మొరం.

పంప్ రూమ్ పూల్‌కి ఇరవై అడుగుల దూరంలో, భూమిలోకి దించి కట్టారు. అంటే పంపు పూల్ నీటిమట్టానికి సుమారు నాలుగడుగులు కింద ఉంటుంది. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు.

ఇంకొకటి, పూల్‌కి ఆటోఫిల్ ఉంది. మన ఫ్లష్ ట్యాంకులో ఉండే బంతిలాంటిదే. నీరు కాస్త తగ్గగానే ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి దానంతట అదే నింపేస్తుంది.

సమస్య ఎలా బయటపడింది

ఓనర్ గారి కుటుంబం సిటీలో ఉంటుంది, శని ఆదివారాలు వస్తారు. వచ్చినప్పుడల్లా పూల్ నిండుగా, నీలంగా మెరుస్తూ ఉంటుంది. అదే అసలు ఇబ్బంది. లీకుని ఆటోఫిల్ కప్పిపుచ్చుతోంది. మొదట తేడా కనిపెట్టింది అక్కడ కాపలా ఉండే పెద్దాయన. బోరు మోటారు పగలూ రాత్రీ నడుస్తోందని ఆయన చెబితే, తోటకి పెడుతున్నారు కదా అని ఎవరూ పట్టించుకోలేదు. ఏప్రిల్ మధ్యకి బోరు గుక్కలు గుక్కలుగా పోయడం మొదలుపెట్టింది. 5,000 లీటర్ల ట్యాంకర్లు రావడం మొదలయ్యాక ఓనర్ గారికి టెన్షన్ పట్టుకుంది.

నాకంటే ముందు, జనవరిలో, ఒక కాంట్రాక్టర్ చూశారు. టైల్స్ సందుల్లోంచే పోతోందని చెప్పి, పూల్ మొత్తం ఖాళీ చేయించి, పాత గ్రౌట్ గీకి ఎపాక్సీ గ్రౌట్ వేశారు. ఖర్చు లక్ష దాటింది. తర్వాత బోరు నీళ్ళతో నింపారు. నీటి ఖర్చు ఏమాత్రం తగ్గలేదు. ఆయన్ని తప్పుపట్టి లాభం లేదు, పని శుభ్రంగానే చేశారు. కాకపోతే రోజుకి ఎంత పోతోందో కొలవకుండా, ఎటు పోతోందో చూడకుండా మొదలుపెట్టారు.

ఏప్రిల్ చివర్లో నేను వెళ్ళేసరికి ఇంట్లో రెండు పార్టీలు. లీకే అని ఓనర్ గారు. ఎండలకి ఆవిరైపోతోందని ఆయన తమ్ముడు. పెద్దాయన మాత్రం నాకు తోటంతా తిప్పి చూపిస్తూ, "మొన్న గాలికి మునగచెట్టు పడ్డది సార్, వేర్లన్నీ కుళ్ళినయ్" అన్నాడు. నేను "అవునా కాకా" అని ముందుకి నడిచాను.

మొదటి ప్రశ్న: ఆవిరా, లీకా

బకెట్ పెట్టకముందే టీడీఎస్ మీటర్ తీశాను, నీటిలో ఉప్పులు ఎంత కరిగి ఉన్నాయో చూపించేది. దీనికి రెండు నిమిషాలు చాలు, ఎందుకో చాలామంది వాడరు. నీరు ఆవిరైతే ఉప్పు వెనకే మిగిలిపోతుంది. లీకైతే నీటితోపాటు ఉప్పూ పోతుంది. ఓవర్‌హెడ్ ట్యాంకు నీటిలో టీడీఎస్ 900. పూల్‌లో 1,340. ట్యాంకర్ నీళ్ళు కూడా ఆ చుట్టుపక్కల బోర్లవే, అటూ ఇటూ అంతే.

ఇప్పుడు లెక్క. పూల్ వైశాల్యం 50 చదరపు మీటర్లు కాబట్టి ఒక్క మిల్లీమీటరు తగ్గితే 50 లీటర్లు పోయినట్టు. మొత్తం నీరు దాదాపు 67,000 లీటర్లు. జనవరి చివర నింపినప్పటి నుంచి మూడు నెలల్లో లక్ష లీటర్లకి పైనే అదనంగా పోశారని బోరు, ట్యాంకర్ల లెక్క చెబుతోంది. అదంతా ఆవిరే అయితే ఆ ఉప్పంతా పూల్‌లోనే పేరుకుని టీడీఎస్ 2,000 దాటి ఉండాలి. 1,340 దగ్గర ఆగిందంటే నీరు ఉప్పుని వెంటబెట్టుకుని ఎక్కడికో వెళ్తోంది. తమ్ముడుగారికి ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే ఒప్పుకున్నారు. కానీ ఇది లీకు ఉందని మాత్రమే చెబుతుంది, ఎంతో కచ్చితంగా చెప్పదు. దానికి బకెట్టే.

బకెట్ టెస్ట్ చాలామందికి తెలిసిందే. పూల్ మెట్టు మీద బకెట్ పెట్టి, లోపల పూల్ నీరే పోసి, లోపలి మట్టం, బయటి మట్టం ఒకే ఎత్తులో ఉండేలా చూసి, రెంటికీ గీతలు పెట్టి, 24 గంటలు వదిలేయాలి. ఎండ, గాలి రెంటికీ ఒకటే. కాబట్టి బకెట్లో తగ్గింది ఆవిరి. పూల్‌లో అంతకంటే ఎక్కువ తగ్గింది లీకు. ప్లాస్టిక్ బకెట్ కదలకుండా అడుగున ఒక రాయి వేయాలి. బకెట్‌ని గట్టు మీద పెడితే పనికిరాదు, నీటిలో మునిగి ఉంటేనే రెండు నీళ్ళూ ఒకే వేడిలో ఉంటాయి.

ఆటోఫిల్ వాల్వ్ కట్టేసి వచ్చాను. మర్నాడు వెళ్ళి చూస్తే పూల్ నిన్నటికంటే నిండుగా ఉంది! పెద్దాయన నవ్వుతూ ఎదురొచ్చాడు. "నీళ్ళు తక్కువైనయని రాత్రి పైపు పెట్టిన సార్." పాపం, ఏడేళ్ళుగా ఆయన డ్యూటీ అదే. టెస్ట్ ఏమిటో ఆయనకి చెప్పకపోవడం నా తప్పు. అప్పటి నుంచి ఏ ఇంట్లో అయినా ముందు కాపలా మనిషిని కూర్చోబెట్టి, గీత చూపించి చెబుతున్నాను.

రెండోసారి సరిగ్గా వచ్చింది. పంపు ఆపి ఉంచిన 24 గంటల్లో బకెట్లో 8 మిల్లీమీటర్లు, పూల్‌లో 26. అంటే లీకు 18 మిల్లీమీటర్లు, రోజుకి 900 లీటర్లు. మర్నాడు పంపు 24 గంటలూ నడిపి చూశాను. బకెట్లో 8, పూల్‌లో 25. లీకు 17.

ఇక్కడే దారి తప్పాను

మా పనిలో అందరం వాడే ఒక సూత్రం ఉంది. పంపు నడిచినప్పుడు లీకు బాగా పెరిగితే, అది ఇన్‌లెట్లకి వెళ్ళే ప్రెషర్ లైన్‌లో. పంపు నడిచినప్పుడు లీకు తగ్గి, ఇన్‌లెట్లలోంచి గాలి బుడగలు వస్తే, అది పంపుకి వచ్చే సక్షన్ లైన్‌లో. ఎందుకంటే పంపు లాగేటప్పుడు ఆ పైపులో వాక్యూమ్ ఏర్పడి, పగులులోంచి నీరు బయటికి పోయే బదులు గాలి లోపలికి వస్తుంది. రెంటికీ తేడా లేకపోతే లీకు పైపుల్లో కాదు, తొట్టిలోనే.

నా కొలతల్లో 18, 17. ఒక్క మిల్లీమీటరు తేడా గీత చదవడంలో వచ్చే పొరపాటే అనుకున్నాను. ఇన్‌లెట్ల దగ్గర ఒక్క బుడగ లేదు. పంపు బుట్ట మూతలోంచి చూస్తే నీరు అద్దంలా ఉంది. కాబట్టి తొట్టే అని తేల్చేశాను.

తొట్టి అనుకున్నాక చేసేది రంగు పరీక్ష. పంపు ఆపి, గంటసేపు నీరు నిలకడగా అయ్యాక, సిరంజిలో చిక్కటి ఫుడ్ కలర్ తీసుకుని అనుమానం ఉన్న చోటల్లా గోడకి దగ్గరగా మెల్లగా వదలాలి. లీకు ఉంటే రంగు దారంలా అటు సాగుతుంది. స్కిమ్మర్ నోటి దగ్గర వదిలితే అక్కడే తేలింది. ఇన్‌లెట్ల దగ్గరా అంతే. లోతు వైపు లైటు వెనక, కేబుల్ వెళ్ళే కాండ్యూట్ దగ్గర వదలగానే ఎర్రటి దారం సర్రున లోపలికి వెళ్ళిపోయింది. నాకు ఎంత సంతోషమయిందో చెప్పలేను. లైట్ల కరెంటు అంతకుముందే మెయిన్‌లో తీసేసి ఉంది. నీటిలోనే గట్టిపడే ఎపాక్సీ పుట్టీతో ఆ కాండ్యూట్ మూసేశాను. మెయిన్ డ్రెయిన్ జాలీ మీద కూడా రంగు వదిలాను. అది కాసేపు అక్కడే తిరిగి చెదిరిపోయింది. దాంతో ఆ చోటుని కొట్టేశాను.

రెండు రోజులాగి మళ్ళీ బకెట్. బకెట్లో 8, పూల్‌లో 24. అంటే లీకు ఇంకా 16! లైటు లీకు నిజమే, కానీ అది రోజుకి 100 లీటర్లదే. మిగతా 800 లీటర్లు ఇంకెక్కడికో వెళ్తున్నాయి.

ఆ రాత్రి ఇంట్లో కూర్చుని రంగు గురించి ఆలోచించాను. 800 లీటర్లంటే పెద్ద మాటలా ఉంటుంది కానీ, సెకనుకి 10 మిల్లీలీటర్లు కూడా కాదు. ఆ కాస్త నీరు పెన్సిలంత కాండ్యూట్‌లోంచి వెళ్తే రంగు పరిగెడుతుంది. పళ్ళెమంత వెడల్పున్న డ్రెయిన్ జాలీ మొత్తం మీద పరుచుకుని దిగితే కంటికి కదలికే తెలియదు. అంటే రంగు చూపించేది లీకు ఎంత పెద్దదో కాదు, నీరు వెళ్ళే సందు ఎంత సన్నదో. మెయిన్ డ్రెయిన్‌ని నేను ఉత్తి పుణ్యానికి వదిలేశాను.

తర్వాత ఆ ఒక్క మిల్లీమీటరు గుర్తొచ్చింది. పంపు నీటిమట్టానికి నాలుగడుగుల కింద ఉంది. మెయిన్ డ్రెయిన్ పైపు ఇంకా కింద, దాదాపు రెండు మీటర్ల నీటి బరువు దాని మీద ఉంది. పంపు నడుస్తున్నా, ఆ పైపులో తగ్గే ఒత్తిడి మహా అయితే అడుగు నీటి ఎత్తంత. ఇంకా ఐదారు అడుగుల ఒత్తిడి మిగిలే ఉంటుంది. అక్కడ వాక్యూమ్ అనేదే రాదు. గాలి లోపలికి ఎందుకొస్తుంది? నీరు బయటికే పోతుంది, కాకపోతే కాస్త తక్కువగా. 18కి బదులు 17. నా గీత సరిగ్గానే చెప్పింది. పంపు నీటికంటే పైన, గట్టు మీద ఉండే పూల్స్‌కి పనికొచ్చే సూత్రాన్ని తెచ్చి, గుంతలో ఉన్న పంపుకి వాడాను.

తీసివేత

ఈసారి అనుమానాలతో పని పెట్టుకోలేదు. పైపులన్నీ పూల్ లోపలి నుంచే బిరడాలతో మూసేసి, తొట్టి ఒక్కటే మిగిలేలా చేసి చూద్దామనుకున్నాను. నీరు ఖాళీ చేసి, మట్టం ఎక్కడ ఆగుతుందో చూసే పద్ధతి కూడా ఉంది. అది వద్దనుకోడానికి రెండు కారణాలు. ఒకటి, మళ్ళీ నింపాలంటే పద్నాలుగు ట్యాంకర్లు. రెండు, చుట్టూ నెలల తరబడి నానిన నల్లరేగడి ఉంది. ఖాళీ తొట్టిని బయటి తడి మట్టి లోపలికి నెడితే కొత్త పగుళ్ళు వస్తాయి.

మెయిన్ డ్రెయిన్ మూయడానికి నీటిలోకి దిగాలి. దిగేముందు పంపు ఎంసీబీ దించి, ప్యానెల్‌కి తాళం వేసి, తాళంచెవి నా జేబులో వేసుకుని, నాతో వచ్చిన కుర్రాణ్ణి ప్యానెల్ దగ్గరే నిలబెట్టాను. జాలీ తీసిన డ్రెయిన్ దగ్గర చెయ్యి ఉండగా ఎవరైనా పంపు వేస్తే, ఆ లాగుడుకి మనిషి పైకి రాలేడు. ఇందులో రాజీ లేదు. జాలీ తీసి ఉన్నన్ని రోజులు పిల్లలెవరినీ పూల్ దగ్గరికి రానివ్వద్దని ఓనర్ గారికి రెండుసార్లు చెప్పాను.

బిరడా అంటే మధ్యలో రెక్కల నట్టు ఉన్న రబ్బరు ముక్క. పైపులో పెట్టి నట్టు తిప్పితే రబ్బరు ఉబ్బి బిగుసుకుంటుంది. స్కిమ్మర్‌కి ఒకటి, ఇన్‌లెట్లకి మూడు, డ్రెయిన్‌కి ఒకటి. మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. బకెట్లో 8, పూల్‌లో 9.

తొట్టి శుభ్రంగా ఉంది. జనవరిలో లక్ష పెట్టి వేసిన గ్రౌట్ అవసరమే లేదన్నమాట. ఓనర్ గారికి ఆ మాట చెప్పాలా వద్దా అని కాసేపు తటపటాయించి చెప్పేశాను.

స్కిమ్మర్, ఇన్‌లెట్ల బిరడాలు తీసేసి, డ్రెయిన్ ఒక్కటే మూసి ఇంకో రోజు చూశాను. అవే అంకెలు. ఇక రూఢి చేసుకోడానికి ఆ బిరడాలు మళ్ళీ పెట్టి, పంప్ రూమ్‌లో మూడు లైన్లూ విడదీసి, ప్లంబర్లు వాడే చేతిపంపుతో ఒక్కోదానికి ఒక కిలో ప్రెషర్ పెట్టాను, నీటితోనే. కొందరు తొందరలో కంప్రెసర్ గాలి పెడతారు. బిరడా ఊడితే తూటాలా వస్తుంది, నేను పెట్టను. స్కిమ్మర్ లైన్, ఇన్‌లెట్ లైన్ అరగంట దాటినా ముల్లు కదల్లేదు. మెయిన్ డ్రెయిన్ లైన్‌లో ముల్లు సగం దాకా కూడా లేవలేదు, చేతిపంపు ఆపిన మరుక్షణం పడిపోయింది.

ఎక్కడ తవ్వాలి

లైన్ పొడవు మొత్తం ఎనిమిది మీటర్లకి పైనే. రెండున్నర మీటర్లు పూల్ నేల కింద, మిగతాది డెక్ కింద. నేల కింద అయితే తవ్వేది లేదు. ఆ లైన్‌ని శాశ్వతంగా మూసేసి, స్కిమ్మర్ ఒక్కదానితో నడపమని చెప్పేవాణ్ణి. లోతు వైపు అడుగు నీరు సరిగ్గా తిరగదు, నాచు పట్టే అవకాశం ఎక్కువ, అయినా నేల పగలగొట్టడం కంటే మేలే. డెక్ కింద అయితే బాగుచేయాలి.

పీవీసీ పైపు మధ్యలో ఊరికే పగలదు. జాయింట్ దగ్గర, లేదా గట్టిది మెత్తదాన్ని కలిసే చోట పగులుతుంది. ఇక్కడ ఆ రెండూ కలిసేది పూల్ గోడ బయట, పైపు మలుపు తిరిగే ఎల్బో దగ్గర. కాంక్రీటు పైపుని కదలకుండా పట్టుకుంటుంది. నల్లరేగడి వానలకి ఉబ్బుతుంది, ఎండలకి కుంచించుకుని నెర్రెలిస్తుంది. ఏడేళ్ళు ఈ లాగుడూ నెట్టుడూ పడింది ఆ ఎల్బో.

సుత్తి పిడితో డెక్ బండలు ఒక్కొక్కటీ తట్టుకుంటూ వెళ్ళాను. టక్ టక్ టక్. గోడ నుంచి రెండో వరసలో నాలుగు బండలు మాత్రం డబ్ డబ్‌మన్నాయి. కింద డొల్ల. రాత్రి పదకొండుకి, పక్క తోటల మోటార్లు ఆగాక, ఆ లైన్‌లోకి నీటి ప్రెషర్ పెట్టించి నేల కింది చప్పుడు వినిపించే గ్రౌండ్ మైక్ పెట్టి విన్నాను. ఆ నాలుగు బండల దగ్గర సన్నగా చీదినట్టు చప్పుడు. రెండు మీటర్లు జరిగితే లేదు.

తెల్లారి గుర్తులు పెడుతుంటే పెద్దాయన వచ్చి నిలబడ్డాడు. "మునగచెట్టు గీడనే ఉండె సార్" అని, డెక్ అంచు అవతల నాలుగడుగుల దూరంలో కూరుకుపోయిన గుంత చూపించాడు. నేల కాస్త పల్లమున్న వైపది. వేరు దగ్గర నీరు నిలవడం మునగకి సరిపడదు, కుళ్ళిపోతుంది. మే నెల ముంగిట్లో, బోరు ఎండిన తోటలో, ఒక మునగచెట్టు వేరు కుళ్ళి పడిపోయిందంటే ఇంకేం కావాలి! మొదటి రోజు ఆ మాట విన్నాను, దాటేసి వెళ్ళిపోయాను.

బాగుచేసిన తీరు

ఆరున్నర అడుగులు తవ్వాలి. తడి నల్లరేగడిలో నిలువు గొయ్యి తవ్వితే మీద పడుతుంది. అందుకే పక్కలు మెట్లుగా కోయించాను, గోతిలో మనిషి ఉన్నంతసేపు పైన ఒకరు ఉండాల్సిందే. మూడడుగుల తర్వాత మట్టి రావడం మానేసి బురద వచ్చింది. పైపు చుట్టూ ఇసుక లేదు, కట్టినప్పుడు మిగిలిన కంకర, ఇటుక ముక్కలు వేసి పూడ్చేశారు. ఎల్బో కడిగి చూస్తే గోడ వైపు అంచున అర్ధచంద్రంలా పగులు, గోరు దూరేంత. డ్రెయిన్‌లో బిరడా ఉంది కాబట్టి పూల్ నిండుగా ఉండగానే పైపు కోసేశాం, చుక్క రాలేదు.

ఒక్క ఎల్బోకి బదులు రెండు 45 డిగ్రీల బెండ్లు వేశాం, మలుపు సాఫీగా ఉంటుందని. పైపులు అతికించిన సొల్యూషన్ ఆరడానికి ఒక రోజు వదిలి, పూడ్చకముందే ప్రెషర్ పెట్టి చూశాను. అరగంట ముల్లు కదల్లేదు. పైపు చుట్టూ ఇసుక, పైన రేగడికి బదులు మొరం, ప్రతి అడుగుకీ దిమ్మిస కొట్టించాం. జాలీ బిగించాకే ఎంసీబీ ఎత్తాను.

మూడు రోజుల బకెట్ టెస్ట్‌లో ప్రతిరోజూ బకెట్లో 7, పూల్‌లో 8. ఆ మిగిలిన ఒక్క మిల్లీమీటరు జోలికి నేను పోలేదు. తడిసిన టైల్ అంచులు, పిల్లలు చిమ్మే నీళ్ళు, నా కన్ను, ఏదైనా కావచ్చు.

పని పద్ధతిలో మార్చుకున్నవి

ఇప్పుడు నేను మొదటి రోజు అడిగేది పంపు నీటికి పైనా, కిందా అని. కిందైతే బుడగలు లేవన్న మాటకి విలువ ఇవ్వను. బకెట్ టెస్ట్‌లో లీకని తేలగానే రంగు సిరంజి తీయడం మానేశాను, ముందు బిరడాలు. ఐదు రబ్బరు ముక్కలు, ఒక రోజు. సగం అనుమానాలు అక్కడే పోతాయి. రంగు చివర్లో, అదీ బిరడాలు పెట్టాక తొట్టిలోనే లీకని తేలితేనే. ఒక లీకు దొరికితే పని అయిపోయిందనుకోను, దొరికినది రోజుకి ఎన్ని లీటర్లదో చూసి, మొత్తంలోంచి తీసేసి, మిగిలింది ఎంతో చూస్తాను.

ఆటోఫిల్ తీసేద్దామా అని ఓనర్ గారు అడిగారు. ఉంచమన్నాను, కానీ దాని పైపుకి ఒక మామూలు వాటర్ మీటర్ బిగించాను. ప్రతి ఆదివారం పెద్దాయన ఆ మీటర్ చూసి, వారంలో ఎన్ని లీటర్లు పోయాయో పంప్ రూమ్ గోడ మీద సుద్దతో రాస్తున్నాడు. జూన్ మొదటి వారం 2,600. వానలు పడ్డాక నేను వేరే పని మీద అటు వెళ్ళినప్పుడు చూశాను, వరసలో చివరి అంకె 1,150.